అక్క ముఖాన పసుపు

నెల్లూరులో ఒక మందుల షాపు కౌంటరు వెనక పనిచేస్తాను. జ్వరానికీ దగ్గుకీ మందులు అడిగేవాళ్ళకంటే, ముఖానికి ఏం పూసుకోవాలో అడిగేవాళ్ళే ఈ మధ్య ఎక్కువయ్యారు. కాలేజీ పిల్లలు ఫోనులో ఏదో వీడియో చూపించి, అందులో అమ్మాయి వరసపెట్టి పూసుకున్న సీసాలన్నీ కావాలంటారు. పొద్దునకు ఒకటి, దాని మీద ఇంకొకటి, పడుకునే ముందు మరొకటి. నాకు నోరు ఊరుకోదు. ఇదంతా ముఖానికా, ఇంటి గోడకా అని అడుగుతాను. షాపు ఓనరు నా వైపు గుర్రుగా చూస్తాడు, ఆయన బాధ ఆయనది. నేను మాత్రం వాసన లేని మెత్తటి సబ్బు, ఒక మాయిశ్చరైజరు, ఎండలోకి పోయే ముందు రాసుకునే సన్‌స్క్రీను తీసి కౌంటరు మీద పెడతాను. రోజూ మానకుండా వాడితే ఇవి చాలంటాను. పడనిది ఏదైనా పూస్తుంటే ముందు దాన్ని ఆపమంటాను.

వాళ్ళు తలూపి వెళ్ళిపోతారు. ఆపడం అనేది ఎంత పెద్ద మాటో వాళ్ళకేం తెలుసు. నాకూ మా అక్క ముఖం చూసేదాకా తెలియదు.

మా అక్కను మైపాడులో మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. కాబట్టి ఆమె అత్త నాకూ అత్తే, చిన్నప్పుడు మమ్మల్ని ఇద్దరినీ ఒకే ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషి. మామ ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు మా బావ. అతను పడవ మీద వేటకు పోతే, అత్తా అక్కా చేపలు తీసుకుని ఉప్పు పట్టించి ఇసుకలో వలలు పరిచి ఎండబెట్టేవాళ్ళు. బావ నన్ను డాక్టరమ్మా అని పిలిచి ఏడిపించేవాడు. జలుబు చేసినా నాకు ఫోను చేసి, డాక్టరమ్మా, బతుకుతానా అని అడిగేవాడు. నేను కష్టం అనేదాన్ని. అలా నవ్వుకుంటూ ఉండేవాళ్ళం.

ఒకరోజు తెల్లవారి వేటకు పోయిన పడవ తిరగబడింది. మిగతావాళ్ళను వేరే పడవవాళ్ళు ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చారు. బావ దొరకలేదు. మా వాళ్ళు దక్షిణాన కృష్ణపట్నం దాకా, ఉత్తరాన బోగోలు ఒడ్ల దాకా వెతికారు. ఒంటిమీది చొక్కా కూడా దొరకలేదు. ఆఫీసర్లు వచ్చి అడగాల్సినవి అడిగి వెళ్ళారు. శవం కనపడనిదే కర్మ ఎట్లా చేస్తాం, కొన్నాళ్ళు ఆగుదాం అన్నారు ఊరి పెద్దలు. ఎవరూ కాదనలేదు. సముద్రం మీద దారి తప్పి ఇంకెక్కడో తేలి, ఇంటిదాకా నడిచి వచ్చినవాళ్ళ కథలు మా వాళ్ళ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. వాటిలో నిజమెంతో ఎవరూ అడగరు.

అక్క పసుపు మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మొగుడున్న ఆడది పొద్దున్నే స్నానం చేసి ముఖానికి పసుపు రాసుకోవడం మా అమ్మ కాలంలో రోజూ ఉండేది. మా వయసువాళ్ళకు అది శుక్రవారాలకూ పండగలకూ మిగిలింది. అక్క కూడా అంతే, మామూలు రోజుల్లో సబ్బుతో కడుక్కుని కాస్త పౌడరు అద్దుకునేది. బావ కనపడకుండా పోయాక మాత్రం రోజూ పసుపు కొమ్మును రాయి మీద అరగదీసి, చెవుల దాకా, మెడ దాకా పట్టించడం మొదలుపెట్టింది. ఆ వీధిలో ఎవరూ అంత దట్టంగా పూసుకునేవాళ్ళు కాదు. చూసేవాళ్ళకు అర్థమయ్యేది. మొగుడు పోయినదాని ముఖాన పసుపు ఉండదు. పసుపు ఉందంటే మొగుడు ఉన్నట్టే.

అత్త పొద్దున్నే అరుగు మీద కూర్చునేది. అక్క పసుపు ముఖంతో టీ గ్లాసు తెచ్చి ఇస్తే, ఆ ముఖం ఒకసారి చూసి, అప్పుడు తాగేది. నేను సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వెళ్ళేదాన్ని కాబట్టి చాలాసార్లు చూశాను. ఆ చూపు చూస్తే నాకు భయమేసేది.

కొన్నాళ్ళకు అక్క చెంపల మీద దురద మొదలైంది. పసుపు పుండ్లను మాన్పుతుందని మాకందరికీ పుట్టినప్పటి నుంచి నూరిపోశారు. అందుకని దురద పుట్టినచోట అక్క ఇంకాస్త ఎక్కువ పూసింది. ఎర్రబడితే ఇంకా చిక్కగా పూసింది. ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా అదే చెప్పారు. ఎండు చేపల పని మొత్తం ఎండలోనే, చేతులకెప్పుడూ ఉప్పు, ఆ చేతులతోనే గోకడం. నేను మళ్ళీ వెళ్ళేసరికి చెంపలు పొక్కి, నీరు కారి, పొట్టు లేచి ఉన్నాయి. పసుపు కింద ఆ ముఖం చూసి నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ముందు కోపమే బయటికి వచ్చింది. ఇంత జరిగేదాకా ఫోను చేయడానికి ఏమైందని వీధి వినేట్టు తిట్టాను. మర్నాడే నెల్లూరుకు లాక్కొచ్చాను.

చర్మం డాక్టరు నెమ్మదైన మనిషి. అక్క ముఖాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, రోజూ ఏం పూస్తావమ్మా అని అడిగింది. అక్క తల వంచుకుంది. నేనే చెప్పాను, పసుపని. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, బావ సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. డాక్టరు కలం పక్కన పెట్టింది. పసుపు పడనివాళ్ళు తక్కువే ఉంటారట, అక్కకూ అది పడదట. వాపు తగ్గడానికి కొన్నాళ్ళు మాత్రమే వాడమని ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చింది. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని సబ్బు, తడి ఆరకముందే మాయిశ్చరైజరు, ఎండలోకి పోయే ముందు సన్‌స్క్రీను, తల మీద గుడ్డ. ఇంతకుమించి ఏమీ వద్దంది. లేచేటప్పుడు అక్క భుజం మీద చెయ్యి వేసి, "నేను చర్మం సంగతే చెప్పగలనమ్మా. పసుపు ఆపితేనే ఇది మానుతుంది" అంది.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక రొయ్యల గుంటలు మొదలయ్యాయి. ఆ తర్వాత, పసుపు మానేస్తే అత్తకు ఏమని చెప్పాలని అడిగింది. డాక్టరు వద్దందని చెప్పు, ఇంకేముంది అన్నాను నేను.

"పసుపు లేని మొగంతో ఆమెకు టీ ఎట్ట ఇచ్చేది మే?" అంది అక్క. "నీ కొడుకు లేడు అని పొద్దున్నే నేను పోయి చెప్పినట్టు గాదా?"

అప్పుడు, అడగకూడదని ఇన్నాళ్ళూ అనుకున్నది అడిగేశాను. బావ వస్తాడని నువ్వు అనుకుంటున్నావా అని.

"రాడు. పడవోళ్ళు ఒడ్డున దిగినప్పుడే వాళ్ళ మొగాలు చూసినా. నాకు ఆపొద్దే తెలిసిపోయింది. అత్తకు తెలీదు గదా."

ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. బస్సులో జనం చూస్తున్నా ఆపుకోలేకపోయాను. ఆమె ఏడవలేదు, ఉప్పునీళ్ళు తగిలితే చెంపలు మండుతాయని.

అక్క ఇంట్లో అద్దం పక్కనున్న గూట్లో నేనే అన్నీ సర్దాను. సబ్బు, పక్కన మాయిశ్చరైజరు, దాని పక్కన సన్‌స్క్రీను, వాడే వరసలోనే. మర్నాడు పొద్దున్నే దగ్గరుండి చేయించాను. ముఖాన్ని రుద్దవద్దన్నాను, తువాలుతో ఒత్తమన్నాను, చెవుల కింద, మెడ మీద మరిచిపోవద్దన్నాను. సన్‌స్క్రీను రాసేసరికి మా అక్క చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు తెల్లబడింది. పక్కింటావిడ గోడ మీదనుంచి చూసి, ఏందమ్మా సున్నం కొట్టించుకున్నావా అంది. అక్కకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఆ నవ్వు చూసి, ఇక పని అయిపోయినట్టేనని నేను పొంగిపోయాను.

అదే ముఖంతో అక్క టీ తీసుకెళ్ళింది. అత్త గ్లాసు అందుకుంది. ముఖం చూసింది. డాక్టరు చెప్పిన సంగతంతా నేను గబగబా వివరించాను. అత్త సరేనన్నట్టు తలూపింది. గ్లాసు మాత్రం అరుగు మీద పెట్టేసి, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు వెళ్ళిపోయింది. టీ మీద మీగడ కట్టింది. అక్క ఆ గ్లాసు వైపే చూస్తూ నిలబడింది. తర్వాత రోజు ఏం జరుగుతుందో నాకు అప్పుడే అర్థమైంది.

అక్క డాక్టరు మాటా కాదనలేదు, అత్తనూ బాధపెట్టలేదు. సాయంత్రం నేను చెప్పినట్టే సబ్బుతో కడుక్కుని మాయిశ్చరైజరు రాసుకునేది. పొద్దున్నే మళ్ళీ పసుపు. కొంచమే కదా అనేది ఫోనులో. ఆయింట్‌మెంటుకు కాస్త తగ్గేది, పసుపుకు మళ్ళీ పొక్కేది. నేను కోప్పడితే, ముఖానికి పలచగా రాసి మిగిలింది గడపకు పూస్తున్నానని చెప్పేది. గడపకే మొత్తం పూయి, ముఖం వదిలెయ్ అన్నాను. చూసి టీ తాగేది గడపను కాదు కదా అంది. ఎంతమందికో ఎన్నో మందులు ఇస్తాను, సొంత అక్కచేత పసుపొక్కటి మాన్పించలేకపోయానన్న దిగులుతో షాపులో కూడా పరధ్యానంగా ఉండేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం వెళ్ళాను. అక్క అప్పుడే లేచి కూర్చుంది. ముఖం వాచిపోయి కళ్ళు రెండూ మూసుకుపోయాయి. రెప్పల మధ్య సన్నని గీత తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ స్థితిలో కూడా గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, నీళ్ళ తొట్టి పక్కన రాయి మీద తడిమింది. రోజూ పసుపు కొమ్ము అక్కడే ఉంటుంది. ఆ రోజు లేదు. రాయి కింద, తొట్టి అంచు మీద, మట్టిలో కూడా వెతికింది. కొమ్ము ఎక్కడ పెట్టావని నన్ను అడిగింది. నేను తీయలేదన్నాను.

అత్త వెనకనుంచి వచ్చింది. చేతిలో చెంబుతో గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, గూట్లోని ట్యూబులు. అక్కను రాయి మీద కూర్చోబెట్టింది. ఏది ముందు పూయాలని నన్ను అడిగింది. సబ్బు అన్నాను. రుద్దొద్దని కూడా చెప్పాను. ఉప్పుకు పగిలిపోయిన చేతులు ఆమెవి, చెక్కలాగా ఉంటాయి. ఆ చేతులతో మెల్లగా, ఒక్కో చెంప మీదా నురగ తిప్పి, చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. కొంగుతో ఒత్తింది. తడి ఆరకముందే రాయాలటగా అంది. నేను డాక్టరు మాటలు చెప్పిన రోజు తలూపి ఊరుకుందనుకున్నాను, అన్నీ గుర్తుపెట్టుకుంది.

"అత్తా, పసుపు" అంది అక్క.

"నేనే తీసేసినా" అంది అత్త. "నువ్వు పూసుకుంటా ఉంటే వద్దని చెప్పేదానికి నాకు నోరు రాలా. నీకింకా ఆశ ఉండాది గావాల అనుకున్నా. వాడు రాడని నీకు నేనెట్ట చెప్పేది తల్లీ, నేనేమో కన్నదాన్నైతిని."

అక్క మూసుకుపోయిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అత్త రాసిన క్రీము కొట్టుకుపోయింది. అత్త మళ్ళీ కొంగుతో ఒత్తి మళ్ళీ రాసింది. అదీ నిలవలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, అన్ని నెలల ఏడుపూ అక్కడే ఏడ్చారు. నేను నీళ్ళ తొట్టికి ఆనుకుని నిలబడిపోయాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరికోసం ఒకరు అంత బరువు మోశారు.

ఆ రోజు టీ నేను పెట్టాను. అత్త అక్క ముఖం చూసి తాగింది.

కర్మ చేద్దామని అత్తే పెద్దలకు కబురు పెట్టింది. శవం లేదు కాబట్టి దర్భలతో బొమ్మ చేయించారు. చివరి రోజు మా వైపు ఒక ఆచారం ఉంది. పసుపు తాడు తీసే ముందు, చివరిసారిగా ఆమె ముఖానికి నిండా పసుపు పూసి, పెద్ద బొట్టు పెట్టి, పూలు పెట్టి, ఆ తర్వాత అన్నీ తీసేస్తారు. ఆడవాళ్ళు గిన్నె నిండా పసుపు కలుపుకుని వచ్చారు. అక్క ముఖం అప్పుడప్పుడే మానుతోంది. కొత్త చర్మం పలచగా, లేత ఎరుపులో ఉంది. ఇది ఆపడం నా వల్ల కాదని, నేను మాట్లాడితే పట్నంలో చదివింది గొప్పలు పోతోందంటారని నాకు తెలుసు. అయినా నోరు తెరవబోయాను. అంతలో అత్త లేచి ఆ గిన్నెకు అడ్డం నిలబడింది.

"దాని మొగాన పెట్టబాకండి" అంది. "దానికి పడదు."

కడసారి గదా, ఒక్కసారికి ఏం గాదులే అన్నారు వాళ్ళు. శాస్త్రం తప్పకూడదన్నారు. అత్త పక్కకు జరగలేదు. కొడుకు కర్మలో నిలబడి, కోడలి చర్మానికి ఏది పడుతుందో ఏది పడదో చెప్పింది. డాక్టరు ఏమందో చెప్పింది. చివరికి ఆ పసుపును దర్భల బొమ్మ ఉంచిన చోట కొంత, గడపకు కొంత పూసి ఊరుకున్నారు. అక్క ముఖానికి పొద్దున రాసిన మాయిశ్చరైజరు తప్ప ఇంకేమీ అంటలేదు. ఆ ముఖంతోనే పీట మీద కూర్చుని మెడ వంచింది. తాడు తీశారు. తలకు గుడ్డ కప్పి నేనే లోపలికి తీసుకెళ్ళాను.

వానాకాలం నాటికి అక్క ముఖం పూర్తిగా మానింది. మచ్చలు కూడా చాలావరకు కలిసిపోయాయి. చిన్నప్పుడు మా అమ్మ నూనె పెట్టి పెంచిన ముఖం ఎట్లా ఉండేదో మళ్ళీ అట్లాగే, నున్నగా, మెరుస్తూ ఉంది. షాపులో అటువంటి మార్పు ఎవరిలో చూసినా నేను గట్టిగా మెచ్చుకుంటాను. అక్క విషయంలో ఆ మాట నా నోటికి రాలేదు. వీధిలో ఎవరూ అనలేదు. ముఖం అంత శుభ్రంగా ఉందంటే దాని మీద పసుపు లేదని అర్థం, పసుపు ఎందుకు లేదో అందరికీ తెలుసు. ఆమె ఎదురైతే చూపు తిప్పుకునేవాళ్ళు. బాగయ్యావమ్మా అని ఒక్కరైనా అంటారేమోనని నేను ఎదురుచూశాను. ఎవరూ అనలేదు.

సన్‌స్క్రీను అయిపోయేలోపే కొత్తది తీసుకెళ్తాను. పోయిన వారం వెళ్ళినప్పుడు పొద్దున్నే అక్క అద్దం ముందు కూర్చుంది. సబ్బు, మాయిశ్చరైజరు, ఆ తర్వాత సన్‌స్క్రీను. నేను చెప్పాల్సిన పనేమీ లేదు, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. అత్త అరుగు మీద టీ గ్లాసు ముందు పెట్టుకుని, తలుపులోంచి లోపలికి చూస్తోంది. చెవి పక్కన రాయలా అంది. అక్క అక్కడ కూడా రాసుకుని, ఆమె వైపు ముఖం తిప్పి చూపించింది. అత్త కాసేపు ఆ ముఖం చూసి, గ్లాసు ఎత్తుకుని టీ తాగింది.